వంతు ఎవరిది? – సినిమా కథల ఆటల్లో మన జాగా

కథ మీద విమర్శ రాస్తాం, పాట మీద రాస్తాం, సినిమా మీద రాస్తాం. పిల్లలు ఫోన్లో ఆడే ఆట మీద రాయడం మాత్రం మనకింకా అలవాటు కాలేదు. ఆటే కదా అని వదిలేస్తాం, లేదంటే ఫోను పిల్లల్ని చెడగొడుతోందని తిట్టి ఊరుకుంటాం. ఈ రెండూ చాలవని మా అభిప్రాయం. పిల్లవాడు ఒక సినిమాను మూడు గంటలు చూస్తాడు. అదే సినిమా కథతో చేసిన ఆటను నెలల తరబడి ఆడతాడు. సినిమాలో రాజు శత్రువును నరుకుతుంటే చూస్తాడు. ఆటలో తన వేలితో తనే నరుకుతాడు. చూడటం వేరు, చేయడం వేరు. అందుకే ఆటను కూడా ఒక రచనలాగే చదవాలి. ఎవరు రాశారు, ఎవరి పక్షాన రాశారు, అందులో మనం ఎక్కడున్నాం అని అడగాలి.

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతంలో మేము పాఠాలు చెబుతున్నాం. ఇక్కడి సుగాలీ తండాల్లో, ఎరుకల కాలనీల్లో, యానాదుల గుడిసెల్లో పెద్దవాళ్ళు పత్తి తీయడానికో మిరప కోతలకో పొద్దున్నే పోతారు. 2020లో బడులు మూతపడి పాఠాలు ఫోన్లోకి వచ్చినప్పుడు అప్పో సప్పో చేసి కొన్న ఫోన్లు ఆ తర్వాత కూడా పిల్లల చేతుల్లోనే ఉండిపోయాయి. పాఠాలు పోయి ఆటలు మిగిలాయి. ఆ ఆటల్లో కత్తులు, కోటలు, రాజులు, రాక్షసులు ఉన్నవంటే పిల్లలకు ఎక్కువ ఇష్టం. వాటిలో చాలా వాటికి మూలం పెద్ద పెద్ద జానపద సినిమాలే.

ఈ వ్యాసంలో మేము ముఖ్యంగా వంతులవారీ ఆటల గురించి మాట్లాడతాం. ఒకరు ఎత్తు వేశాక ఇంకొకరు వేసే ఆటలివి. ఇంగ్లీషులో వీటిని టర్న్ బేస్డ్ ఆటలంటారు. ఆడేవాడు కథలోని ఒక పాత్రను తనదిగా తీసుకుని, ఆ పాత్ర బలం పెంచుకుంటూ, కథ వెంట నడిస్తే అది రోల్ ప్లేయింగ్ ఆట. పేర్లు కొత్తవే గాని వంతు అన్నది మనకు కొత్త కాదు. అష్టాచెమ్మా, వామనగుంటలు, పులిజూదం అన్నీ వంతుల ఆటలే. పులిజూదాన్ని కొంచెం గుర్తు చేసుకుందాం. ఈ వ్యాసంలో కొలబద్దగా మళ్ళీ మళ్ళీ అది పనికొస్తుంది.

గుడి మెట్ల మీదో రచ్చబండ మీదో గీసిన గీతల మీద మూడు పులులు, పదిహేను మేకలు ఉంటాయి. మేకల వాడు ఒక్కొక్క మేకనే దింపుతాడు. పులి దూకి మేకను తింటుంది. మేక పులిని తినలేదు. కానీ మేకలన్నీ ఒక కట్టుగా నిలబడితే పులి కదలలేక కట్టుబడిపోతుంది. బలం ఒకరిది, సంఖ్య ఇంకొకరిది. ఇందులో మాకు నచ్చిన విషయం మరొకటుంది. ఒక ఆట అయ్యాక పిల్లలు పక్షాలు మార్చుకుంటారు. ఇప్పటిదాకా పులి ఆడినవాడు ఇప్పుడు మేకలు ఆడతాడు. దూకడం ఎంత తేలికో, కట్టు కట్టడం ఎంత కష్టమో ఇద్దరికీ తెలుస్తుంది. ఏ పక్షమూ ఎవరికీ పుట్టుకతో రాదు.

ఈ కొలబద్ద పట్టుకుని ఒక పేరున్న ఆటను చూద్దాం. 2001, 2002, 2003 సంవత్సరాల్లో వరుసగా వచ్చిన లార్డ్ ఆఫ్ ద రింగ్స్ సినిమాలు ప్రపంచమంతా ఆడాయి. ఆ సినిమాల హక్కులు తీసుకుని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే అమెరికా కంపెనీ 2004లో ద థర్డ్ ఏజ్ అనే ఆట తెచ్చింది. ప్లేస్టేషన్ 2, ఎక్స్‌బాక్స్, గేమ్‌క్యూబ్ యంత్రాల మీద ఆడే ఆట అది. యుద్ధం జరిగే తీరు జపాను వాళ్ళ ఫైనల్ ఫాంటసీ 10 దారిలోనే ఉంటుంది. మన మనుషులు ఒక వైపు, శత్రువులు ఒక వైపు నిలబడతారు. ఎవరి తర్వాత ఎవరి వంతో తెర మీద బొమ్మల వరుసలో కనిపిస్తుంది. మన వంతు వచ్చినప్పుడు ఆట ఆగి మన కోసం చూస్తుంది. కొట్టాలా, మందు వేయాలా, కాపు కాయాలా అని ఆలోచించుకోవచ్చు. వేలి వేగం కంటే ఆలోచనకు విలువ ఉన్న ఆట కనుక ఉపాధ్యాయులుగా మాకు ఇది నచ్చింది.

కథలో కూడా ఒక మంచి ఆలోచన ఉంది. సినిమాలోని పెద్ద వీరులు ఇందులో ముఖ్యపాత్రలు కారు. గోండోర్ సైనికుడు బెరెథోర్, ఇడ్రియల్, ఎలెగోస్ట్, హాధోద్, మోర్వెన్, ఇయోడెన్ అనే ఆరుగురు సినిమాలో లేనివాళ్ళు. పెద్ద వీరులు నడిచిన దారిలో కాస్త వెనకగా నడుస్తుంటారు. పెద్ద కథకు పక్కన, దాని నీడలో నడిచే మామూలు మనుషుల కథ అన్నమాట. చదివేవాళ్ళకు ఎప్పుడూ అంచునే ఉండే మనలాంటి వాళ్ళు గుర్తొస్తారు.

అయితే ఆ ఆలోచనను ఆట చివరిదాకా నిలబెట్టలేదు. ఈ ఆరుగురూ తమ దారిలో తాము పోరు. మోరియా గుహల్లో గాండాల్ఫ్ బాల్రాగ్ అనే నిప్పు భూతంతో తలపడుతుంటే వీళ్ళూ వచ్చి ఆయన పక్కన నిలబడతారు. సినిమాలో ఎక్కడ పెద్ద యుద్ధం జరిగితే అక్కడికి చేరతారు. ఎంత చేసినా సినిమా కథలో వెంట్రుకంత కూడా మారదు. మధ్యమధ్యలో సినిమా ముక్కలు వేసి గాండాల్ఫ్ గొంతుతో కథ చెప్పిస్తారు. పక్క మనుషులకు కాళ్ళిచ్చారు గాని సొంత దారి ఇవ్వలేదు. సినిమా నుంచి పుట్టే ఆటలకు ఉండే పెద్ద జబ్బు ఇదే. ముగింపు అందరికీ ముందే తెలుసు, దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. ఆడేవాడు ఆయుధం ఎంచుకోగలడు, పక్షం ఎంచుకోలేడు.

పక్షం ఎంచుకోనిచ్చారు కదా అని ఈ ఆట తెలిసినవాళ్ళు అడగవచ్చు. నిజమే, ఇందులో ఈవిల్ మోడ్ అని ఒక ఏర్పాటు ఉంది. ఒక అధ్యాయం పూర్తి చేశాక అదే చోట చెడ్డ పక్షాన ఉండి ఆడవచ్చు. ఓర్క్‌లను మనం నడిపి వీరులను ఓడించవచ్చు. వినడానికి పులిజూదంలో పక్షాలు మార్చుకున్నట్టే ఉంటుంది. కాని రెండు సంగతులు గమనించాలి. మొదటిది, పక్షం మారినా కథ మారదు. ఓర్క్‌లకు ఊరు లేదు, బాధ లేదు, ఎందుకు కొడుతున్నారో చెప్పే ఒక్క మాట లేదు. రెండోది ఇంకా ముఖ్యం. ఆ పక్షాన గెలిస్తే వచ్చే వస్తువులు వీరుల జట్టుకే పనికొస్తాయి. అంటే ఓర్క్ గెలిచినా ఆ గెలుపు వీరుడి సంచిలోకే పోతుంది. కూలి మనది, పంట ఇంకొకరిది అన్న లెక్క మన వాళ్ళకు ఒకరు వివరించి చెప్పనక్కర్లేదు.

ఆట కంటే సినిమాయే ఈ విషయంలో కాస్త నయమని మాకనిపించింది. రెండో సినిమాలో డన్‌లాండ్ అనే కొండ ప్రాంతపు జనం కనిపిస్తారు. రోహన్ గుర్రపు సైనికులు మీ భూములు లాక్కుని మిమ్మల్ని కొండల్లోకి తరిమారని సారుమాన్ వాళ్ళకు గుర్తు చేసి ఉసిగొల్పుతాడు. సారుమాన్ మోసగాడే. కాని అతడు వాళ్ళ ముందు పెట్టిన గాయం కల్పన అని సినిమా ఎక్కడా అనదు. ఆ ఒక్క క్షణం భూమి పోగొట్టుకున్న జనం ఒకరున్నారని ప్రేక్షకుడికి తెలుస్తుంది. వెంటనే వాళ్ళు ఊళ్ళు తగలబెట్టే మూకగా మారిపోతారు, ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. అదే సినిమా నిడివి పెంచిన ప్రతిలో ఫారమిర్ అనే సేనాని చచ్చిపడిన శత్రు సైనికుణ్ణి చూసి, ఇతని పేరేమిటో, ఏ అబద్ధం నమ్మి ఇల్లు వదిలి ఇంత దూరం వచ్చాడో అని తలపోస్తాడు. ఆటలో పడిపోయిన శత్రువు గురించి అలా ఆగి ఆలోచించే చోటు లేదు. అతను పడ్డ చోట అనుభవం పేరుతో మనకు కొన్ని పాయింట్లు మిగులుతాయి, అంతే.

ఇదంతా దూరదేశపు సంగతి, మనకెందుకు అనవచ్చు. మన దగ్గరి సంగతికే వద్దాం. 2015 జులై 10న బాహుబలి మొదటి భాగం, 2017 ఏప్రిల్ 28న రెండో భాగం విడుదలయ్యాయి. రెండో భాగం వచ్చిన రోజుల్లోనే బెంగళూరుకు చెందిన మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ బాహుబలి పేరుతో ఫోన్ ఆట విడుదల చేసింది. ఇది అచ్చంగా వంతులవారీ ఆట కాదు. కోట కట్టి, సైన్యం పెంచి, దాడులు చేసే రకం. అయినా దాని కథ సినిమాదే, పక్షాలూ సినిమావే. ఆడేవాడు మాహిష్మతి వైపు ఉంటాడు. ఎదుట కాలకేయులు ఉంటారు. వాళ్ళ నుంచి రాజ్యాన్ని కాపాడటం మన పని.

ఆ సినిమాను మేమూ చూశాం, మెచ్చుకున్నాం. తెలుగులో అంత పెద్ద యుద్ధాన్ని అంత స్పష్టంగా తెర మీద పరిచిన వాళ్ళు లేరు. ప్రభాకర్ చేసిన కాలకేయ నాయకుడి పాత్రలో నటన బలమైనది. వాళ్ళ కోసం మదన్ కార్కీ కిలికి అనే భాషను కొత్తగా తయారు చేశాడు, తర్వాత దానికి లిపి కూడా వచ్చింది. పనితనానికి వంక పెట్టడం లేదు. కాని ఆ పనితనం దేనికి ఉపయోగపడిందో చూడాలి. నల్లటి ఒళ్ళు, చింపిరి జుట్టు, ఎవరికీ అర్థంకాని మాట కలిపితే శత్రువు తయారయ్యాడు. వాళ్ళ ఆడవాళ్ళు, పిల్లలు, ఇళ్ళు మనకు కనపడవు. మాట ఉంది గాని ఆ మాటలో బెదిరింపు తప్ప బతుకు లేదు. తరగతిలో తన ఇంటి భాష మాట్లాడితే పక్కపిల్లలు నవ్వే అనుభవం ఉన్న పిల్లలకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు.

అదే సినిమాలో అడవి మనుషులు ఇంకో చోట కూడా ఉన్నారు. జలపాతం కింద గూడెంలో సంగ అనే తల్లి నీళ్ళలో దొరికిన బిడ్డను పెంచి పెద్ద చేస్తుంది. ఆ బిడ్డే రాజు. అతని బలం అతన్ని పెంచిన గూడెం నుంచి రాలేదు, రాజరక్తం నుంచి వచ్చింది అన్నట్టే కథ నడుస్తుంది. పైకెక్కాక అతని పోరాటం సింహాసనం కోసం. అంటే ఈ కథలో మనకు రెండే పాత్రలు దొరికాయి. రాజును పెంచాలి, లేదా రాజు చేతిలో చావాలి. రెండింట్లోనూ నిర్ణయం మనది కాదు. యుద్ధంలో కాలకేయులు మాహిష్మతి జనాన్ని అడ్డం పెట్టుకున్నప్పుడు భల్లాలుడు వాళ్ళను తొక్కుకుంటూ పోతాడు, బాహుబలి వాళ్ళ ప్రాణాలు కాపాడి ముందుకు పోతాడు. కథలో అన్నిటికంటే గొప్ప నీతి అదే. ఆ నీతి మాహిష్మతి పొలిమేర దాకానే ఉంటుంది. ఆ గీత దాటితే దయకు తావు లేదు. సినిమాలో ఆ గీత గీసినవాడు దర్శకుడు. ఆటలో దాన్ని రోజూ కాపలా కాసేది మన పిల్లవాడు.

కాలకేయులన్న పేరు సినిమా వాళ్ళు పుట్టించింది కాదు. భారతంలో కాలక అనే తల్లి బిడ్డలే కాలకేయులు. తండ్రి పేరుతో కాక తల్లి పేరుతో పిలవబడిన వాళ్ళు. వాళ్ళ పట్నం హిరణ్యపురాన్ని అర్జునుడు నాశనం చేస్తాడు. వనపర్వంలోని ఆ కథ కూడా గెలిచిన వాడి నోటితోనే నడుస్తుంది. అయినా అక్కడ జుట్టు విరబోసుకుని ఏడుస్తూ పట్నం బయటికొచ్చిన ఆడవాళ్ళు కనిపిస్తారు. పాత కథలో ఉన్న ఆ ఏడుపు సినిమా కాలకేయులకు దక్కలేదు. ఇప్పుడు ఆ పేరు మా బడుల్లో తిట్టుగా తిరుగుతోంది. నల్లగా, ఒత్తు జుట్టుతో ఉన్న పిల్లవాడు కనబడితే చాలు, ఒరేయ్ కాలకేయా అని పిలుస్తారు. పిలిచేవాడికి సరదా. పిలిపించుకున్నవాడు సాయంత్రం ఇంటికి పోయి ఫోను తీసి మాహిష్మతి వైపు నిలబడి కాలకేయుల్ని కొడతాడు. గెలిచాక సంతోషిస్తాడు. ఏ పక్షాన గెలిచానో అతనికి ఎవరూ చెప్పలేదు.

ఓర్క్‌లు మనుషులు కారు కదా, కల్పిత జీవులు కదా అని కొందరు మిత్రులు మాతో వాదించారు. కల్పితమే. కాని పుట్టుకతోనే శత్రువు అన్న ఊహ కల్పన కాదు, ఈ దేశంలో అది చట్టంగా అమలైంది. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్త జాతుల చట్టం చేసింది. తర్వాత మద్రాసు రాజధానిలోనూ అది అమలయ్యాక ఎరుకల వంటి జాతుల్ని పుట్టుకతోనే నేరస్తులుగా లెక్కకట్టి స్టువర్టుపురం వంటి సెటిల్మెంట్లలో ఉంచారు. స్వతంత్రం వచ్చాక 1952లో గాని దేశమంతటా ఆ చట్టం పోలేదు. అది పోయినా దాని చూపు పోలేదు. ఊళ్ళో దొంగతనం జరిగితే మొదట ఎవరి ఇంటి వైపు చూస్తారో మనకు తెలుసు. పేరు చూసి, ఒళ్ళు చూసి, మాట విని పక్షం తేల్చే అలవాటు ఆటలో ఒకటి, బజారులో ఇంకొకటి కాదు.

మనం నిలబడిన ఈ నేలనే చూడండి. జగ్గయ్యపేట పాత పేరు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అనే జమీందారు తన తండ్రి జగ్గయ్య పేరు దీనికి పెట్టాడు. నందిగామకు దక్షిణంగా కృష్ణ దాటితే అమరావతి. అది కూడా ఆయన కట్టించిన పట్నమే. అమరావతి దగ్గర నరుకుళ్ళపాడు అనే ఊరుంది. చెంచులు దోపిడీలు చేస్తున్నారని ఆ జమీందారు ఆరువందల మంది చెంచు మగవాళ్ళను భోజనానికి పిలిచి తలలు నరికించాడని, అందుకే ఆ ఊరికి ఆ పేరు వచ్చిందని చెప్పుకుంటారు. ఆ తర్వాత ఆయనకు అన్నం ముందు కూర్చుంటే మెతుకులు పురుగుల్లా కనపడేవని, ఆ పాపం పోగొట్టుకోవడానికే అమరేశ్వరుడి దగ్గర చేరి గుళ్ళు కట్టించాడని కూడా కథ. ఎన్నో తరాలుగా ఈ కథ నడుస్తోంది. అందులో కోపం జమీందారుది, పశ్చాత్తాపం జమీందారుది, గుళ్ళు జమీందారువి. ఆ చెంచుల్లో ఒక్కరి పేరూ కథలో లేదు. వాళ్ళు ఎందుకు తిరగబడ్డారో, ఇంటి దగ్గర ఎదురుచూసిన ఆడవాళ్ళు ఏమైపోయారో లేదు. ఊరి పేరులో నరుకుడు అన్న మాటొక్కటే వాళ్ళకు మిగిలింది. ఇది కూడా ఒక పక్షానికే వంతులన్నీ ఇచ్చిన ఆట.

ఇంతకీ పిల్లల్ని ఆడవద్దనాలా? మేము అనడం లేదు. అంటే వినరు కూడా. వంతులవారీ ఆట రూపంలో మంచి శక్తి ఉంది. అది ఆగుతుంది, ఎదుటివాడి కోసం చూస్తుంది. ఎదుటివాడికీ వంతు ఉందని ఒప్పుకుంటుంది. సినిమా యుద్ధంలో అంత ఓపిక ఉండదు. తప్పు ఆ రూపానిది కాదు. ఎదుటివాడికి కొట్టే వంతు ఇచ్చి చెప్పే వంతు ఇవ్వకపోవడంలోనే తప్పుంది. కత్తి ఎత్తే ముందు అతనెవరో అడగడం అనే ఎత్తు ఆ ఆటల్లో పెట్టలేదు.

అందుకే బళ్ళో పనిచేసే మిత్రులకు ఒక సూచన. ఏ ఆట ఆడుతున్నారని పిల్లల్ని కోప్పడకుండా అడగండి. తర్వాత ఈ నాలుగు ప్రశ్నలు బోర్డు మీద రాయండి. ఈ ఆటలో శత్రువులు ఎక్కడ ఉంటారు? వాళ్ళకు పేర్లున్నాయా? వాళ్ళ పక్షాన ఆడితే వచ్చే గెలుపు ఎవరికి చెందుతుంది? కొట్టకుండా గెలిచే దారి ఉందా? ఈ ప్రశ్నలకు పెద్ద చదువు అక్కర్లేదు. ఆరో తరగతి పిల్లలు కూడా మనం చూడనివి చూపిస్తారు.

యువకులకు ఇంకో మాట. సెల్‌ఫోన్ ఆట తయారు చేయడానికి కంప్యూటరు, డబ్బు, కొన్నేళ్ళ చదువు కావాలి. మనలో కొందరు ఆ చదువుల్లో ఉన్నారు, వాళ్ళు ఆ పని చేయాలి. కాని వంతుల ఆట తయారు చేయడానికి అట్టముక్క, పెన్సిలు, చింతగింజలు చాలు. పులిజూదం గీతల మీదే కొత్త ఆట కట్టవచ్చు. ఒక పక్క జమీందారు మనుషులు, ఒక పక్క చెంచు పెంట. ప్రతి చెంచు గింజకూ ఒక పేరు పెట్టాలి. గింజ పోయినప్పుడల్లా ఆ పేరు పైకి చదవాలి. ఎత్తు వేసే ముందు ఎందుకు వేస్తున్నామో ఒక వాక్యం చెప్పాలి. ఎవరింటి భాషలో వాళ్ళు చెప్పవచ్చు. ఆట అయ్యాక పక్షాలు మార్చుకుని మళ్ళీ ఆడాలి.

అలా ఆడిన పిల్లలు బాహుబలి ఆట మానేస్తారని మేము అనుకోవడం లేదు. ఆడనీయండి. కాని ఈసారి కోట గోడ అవతలి నుంచి వచ్చేవాణ్ణి చూసినప్పుడు, వీడి ఊరేది, వీడి తల్లి పేరేమిటి అని ఒక్కడైనా అడుగుతాడు. జవాబు ఆ ఆటలో దొరకదు. దాన్ని రాయాల్సింది మనమే.